పాలసీ మధ్యలో పెనాల్టీ పాయింట్లు పడ్డాయి: ఇన్సూరెన్స్ వాళ్లకు ఇప్పుడే చెప్పాలా, రెన్యూవల్ దాకా ఆగవచ్చా?

రెడింగ్ నివాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇంగ్లండుకు వచ్చి తొమ్మిదేళ్లయినా ఇలాంటి సందేహం ఇంతవరకు రాలేదు కనుక, తెలిసినవారు చెబుతారన్న ఆశతో కొంచెం వివరంగా వ్రాస్తున్నాను.

2025 మే నెలలో, గంటకు 30 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద 36 మైళ్ల వేగంతో వెళుతూ కెమెరాకు దొరికాను. పదకొండో రోజున నోటీసు వచ్చింది. కారు నడిపింది నేనేనని నింపి పంపాను. జరిమానా, పాయింట్లకు బదులు స్పీడ్ అవేర్‌నెస్ కోర్సుతో సరిపెడతారేమోనని ఆశపడ్డాను గానీ, రెండేళ్ల క్రితమే ఒకసారి ఆ కోర్సులో కూర్చున్నాను, మూడేళ్లు తిరగకుండా రెండో అవకాశం ఇవ్వరట. చివరికి 100 పౌండ్ల జరిమానా కట్టాను, లైసెన్సు మీద మూడు పాయింట్లు పడ్డాయి. డ్రైవింగ్ లైసెన్సులు చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏ వెబ్‌సైట్‌లో చూస్తే, వేగ పరిమితి దాటినందుకు వేసే ఎస్‌పీ30 అనే కోడ్ కనిపిస్తోంది.

నా కారు పాలసీ ఆ జనవరిలోనే రెన్యూ అయింది. అప్పుడు ‘గత ఐదేళ్లలో కన్విక్షన్లు (కోర్టులో పడిన శిక్షలు), ఫిక్స్‌డ్ పెనాల్టీలు (కోర్టుకు వెళ్లకుండా కట్టే జరిమానాలు) ఉన్నాయా’ అని అడిగితే లేవని చెప్పాను, అప్పటికి అది నూటికి నూరుపాళ్లు నిజం. ఇప్పుడు పరిస్థితి మారింది, పాలసీకి ఇంకా ఏడు నెలల గడువుంది. ఆఫీసులో ఒక మిత్రుడు, వాళ్లు అడిగినప్పుడు చెప్పు, అడగకముందే మనం ఫోన్ చేసి ప్రీమియం పెంచమని బతిమాలడం ఎందుకన్నాడు. మా బావగారు మాత్రం, చెప్పకపోతే పాలసీయే చెల్లదని, రేపు పోలీసులు ఆపితే ఇన్సూరెన్స్ లేకుండా నడిపినట్టు లెక్కగట్టి ఇంకో ఆరు పాయింట్లు వేస్తారని భయపెట్టారు. ఇద్దరిలో ఎవరి మాట సరైనది? మా ఆవిడ నా పాలసీలో నేమ్డ్ డ్రైవర్ (అంటే కారు నడపవచ్చని పాలసీలో పేరున్న వ్యక్తి), ఆమె చిన్న కారు పాలసీలో నేను నేమ్డ్ డ్రైవర్‌ని. ఆ సంగతి కూడా దీనికి సంబంధిస్తుందేమో తెలియక చెబుతున్నాను.

మిల్టన్ కీన్స్ నివాసి

నేను న్యాయవాదిని కాను గానీ, కొన్నేళ్లు ఒక ఇన్సూరెన్స్ బ్రోకర్ కార్యాలయంలో ఫోన్ల దగ్గర పనిచేశాను కనుక ఈ ప్రశ్న వందల సార్లు విన్నాను. మీ మిత్రుడి మాటలోనూ బావగారి మాటలోనూ తలా కొంత నిజముంది, కానీ ఇద్దరూ చూడవలసిన కాగితం చూడకుండా మాట్లాడారు. ఆ కాగితం మీ పాలసీ బుక్‌లెట్.

ముందు చట్టం సంగతి. 2012లో వచ్చి 2013 ఏప్రిల్ 6 నుంచి అమలులో ఉన్న వినియోగదారుల బీమా చట్టం ప్రకారం, మనంతట మనం గుర్తు తెచ్చుకుని అన్నీ చెప్పుకోవలసిన పాత బాధ్యత పోయింది. దాని స్థానంలో, వాళ్లు అడిగిన ప్రశ్నకు తప్పుడు సమాధానం ఇవ్వకుండా తగినంత జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యత వచ్చింది. ఈ బాధ్యత పాలసీ మొదలయ్యే ముందు, రెన్యూవల్ సమయంలో, పాలసీలో ఏదైనా మార్పు చేయించుకునే సమయంలో వర్తిస్తుంది. జనవరిలో మీరిచ్చిన సమాధానం నిజమైనది కాబట్టి అక్కడ మీ తప్పేమీ లేదు, మే నెలలో జరిగినది వెనక్కి వెళ్లి ఆ సమాధానాన్ని అబద్ధం చేయదు.

ఇక పాలసీ మధ్యలో సంగతి. ఇక్కడ మిమ్మల్ని కట్టిపడేసేది పాలసీలోని షరతు. బుక్‌లెట్ చివరి పేజీలలో ‘మీరు మాకు తెలియజేయవలసిన మార్పులు’ అన్న అర్థం వచ్చే శీర్షిక ఒకటి ఉంటుంది. ఇల్లు మారడం, కారు మారడం, ఉద్యోగం మారడం, కారుకు అదనపు హంగులు పెట్టించడం వంటివన్నీ దాని కిందే ఉంటాయి. కొన్ని సంస్థలు ఆ జాబితాలో కన్విక్షన్లను, ఫిక్స్‌డ్ పెనాల్టీలను, విచారణలో ఉన్న కేసులను కూడా చేర్చి ‘వెంటనే’ తెలపమంటాయి. కొన్ని రెన్యూవల్ అప్పుడు చెబితే చాలంటాయి. కొన్ని మామూలు పాయింట్లను వదిలేసి, లైసెన్సు రద్దయితేనో డ్రైవింగ్ నిషేధం పడితేనో మాత్రమే చెప్పమంటాయి. అందుచేత మీ మిత్రుడి పాలసీకి సరైన సమాధానం మీ పాలసీకి తప్పు కావచ్చు.

మీ బావగారి భయానికి వస్తే, చెప్పనంత మాత్రాన పాలసీ ఆ క్షణమే ఆవిరైపోదు. సంస్థ రద్దు చేసేవరకు అది అమలులోనే ఉంటుంది, పోలీసులు డేటాబేస్‌లో చూసినా ఇన్సూరెన్స్ ఉన్నట్టే కనిపిస్తుంది. అసలు చిక్కు క్లెయిమ్ వేసిన రోజున వస్తుంది. షరతు స్పష్టంగా ఉండి మీరు దాన్ని పట్టించుకోలేదని వాళ్లు పట్టుకుంటే, చెల్లింపు దగ్గర పేచీ మొదలవుతుంది. వివాదం, ఇలాంటి ఫిర్యాదులను పరిష్కరించే స్వతంత్ర సంస్థ అయిన ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ సర్వీస్ దాకా వెళితే, ఆ షరతు మీకు అర్థమయ్యేలా ఉందా, మీరు చెప్పి ఉంటే సంస్థ నిజంగా వేరేగా ఏమైనా చేసేదా అన్నవి వాళ్లు చూస్తారు.

ఒక్క హెచ్చరిక. ఈ ఏడు నెలల్లో మీరు ఇల్లు మారడం వంటి మరో పని మీద ఫోన్ చేశారనుకోండి. అవతలి మనిషి చిరునామా మార్చాక, ఆనవాయితీగా, ‘ఇంకేమైనా మారిందా, కొత్తగా కన్విక్షన్లు ఏమైనా ఉన్నాయా’ అని అడుగుతారు. తొందరలో ‘ఏమీ లేదండీ’ అనేస్తే, అంతవరకు ఏ తప్పూ లేని మీరు ఆ మాటతో చట్టం కింద తప్పుడు సమాధానం ఇచ్చినవారవుతారు. ఆ సంభాషణ రికార్డయి ఉంటుంది.

లెస్టర్ నివాసి

పైన చెప్పినదంతా నిజం. నేను మాత్రం రెన్యూవల్ దగ్గర బోల్తా పడ్డవాడిని కనుక ఆ సంగతి చెబుతాను. సంస్థ పేరు వద్దు.

నాకూ ఎస్‌పీ30 కిందే మూడు పాయింట్లు పడ్డాయి. నా బుక్‌లెట్‌లో రెన్యూవల్ అప్పుడు చెబితే చాలని ఉంది, నేను నిశ్చింతగా ఉన్నాను. అయితే నాది ఆటో రెన్యూవల్. రెన్యూవల్‌కు మూడు వారాల ముందు ఒక ఈమెయిల్ వచ్చింది. అందులో ధర చూసుకున్నాను, నిరుటికన్నా ఆరు పౌండ్లే ఎక్కువని సంతోషించాను. దానికి జోడించిన ఫైలు మాత్రం తెరవలేదు. ఆ ఫైలు రెండో పేజీలో నా వివరాలు, వాటి కింద ‘మోటారు నేరాలు: లేవు’ అనే ఒక్క వరుస, ఆపైన ‘ఇవి సరిగ్గా లేకపోతే మాకు తెలియజేయండి’ అని ఉన్నాయి. నేను నోరు విప్పి అబద్ధం చెప్పలేదు, కానీ సరిచూసుకోమని పంపిన కాగితాన్ని సరిచూసుకోలేదు.

నాలుగు నెలల తరువాత మంచు పడ్డ ఒక ఉదయం నా తప్పుతోనే ముందున్న వ్యానును గుద్దాను. కారు బాగుచేయడానికి వీలు లేదన్నారు, విలువ 8,000 పౌండ్లుగా లెక్కగట్టారు. తరువాత వచ్చిన ఉత్తరంలో మూడంకెలు ఉన్నాయి: నేను కట్టిన ప్రీమియం 600, పాయింట్లు తెలిసి ఉంటే వాళ్లు అడిగేది 750, కాబట్టి నాకు చెల్లించేది 80 శాతం. అంటే 6,400 పౌండ్లు, అందులోంచి మళ్లీ ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించవలసిన వాటా, తీసేశారు. వ్యాను యజమానికి మాత్రం పూర్తిగా చెల్లించారు, థర్డ్ పార్టీకి ఇవ్వవలసినది రోడ్డు ట్రాఫిక్ చట్టం కింద ఎలాగూ ఇచ్చి తీరాలి. కొన్ని సందర్భాల్లో ఆ సొమ్మును కూడా మన దగ్గర తిరిగి వసూలు చేసే హక్కు వాళ్లకు ఉంటుందని అప్పుడే తెలిసింది, నా విషయంలో అంతదూరం రాలేదు.

ఫిర్యాదు చేశాను. ఫిర్యాదుకు తుది జవాబు ఇవ్వడానికి వాళ్లకు ఎనిమిది వారాల గడువుంటుంది. ఆ జవాబు అందాక ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లడానికి మనకు ఆరు నెలలు ఉంటుంది, మనకు ఖర్చేమీ ఉండదు. నేను వెళ్లలేదు. 2012 చట్టంలో అజాగ్రత్తకు చెప్పిన పద్ధతినే వాళ్లు అమలు చేశారు: ఎక్కువ ప్రీమియం అడిగేవాళ్లే అయితే ఆ నిష్పత్తిలో క్లెయిమ్ తగ్గిస్తారు, అసలు పాలసీయే ఇచ్చేవాళ్లు కాకపోతే దాన్ని మొదటినుంచీ లేనట్టుగా కొట్టివేసి ప్రీమియం తిరిగి ఇస్తారు. కావాలని దాచినట్టు తేలితే ఇంకా కఠినం, క్లెయిమ్ ఇవ్వనక్కరలేదు, ప్రీమియం కూడా సాధారణంగా వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఉత్తరంలో ‘అజాగ్రత్త’ అన్న మాట చూసి ఊపిరి పీల్చుకున్నాను. నూట యాభై పౌండ్ల దగ్గర 1,600 పౌండ్లు పోయాయి, అయినా రెండో రకం ముద్ర పడలేదు.

స్లౌ నివాసి

అందరూ భయపెడుతున్నారు కనుక రెండో వైపు నేను చెబుతాను. నిరుడు నాకు పాయింట్లు పడగానే, నిజాయితీగా ఉందామని, ఏ కాగితమూ చదవకుండా ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. అమ్మాయి చాలా మర్యాదగా వివరాలన్నీ తీసుకుని, మిగిలిన ఐదు నెలలకు 41 పౌండ్ల అదనపు ప్రీమియం, దానికి తోడు 35 పౌండ్ల మార్పు రుసుము అంది. కట్టేశాను. తరువాత తీరికగా బుక్‌లెట్ తిరగేస్తే, నా పాలసీలో పాయింట్ల సంగతి రెన్యూవల్ అప్పుడే చెప్పవచ్చని ఉంది! వెనక్కి అడిగితే ‘మీరు చెప్పాక మేము లెక్కించక తప్పదు’ అన్నారు. నిజాయితీ మీద నాకు గౌరవమే గానీ, వాళ్ల షరతే ఆగమన్నప్పుడు 76 పౌండ్లు సమర్పించుకోవలసిన అవసరం ఏముంది? హైదరాబాదులో ఉండగా చలాన్ల మీద తగ్గింపు ప్రకటించేదాకా ఆగి అన్నీ ఒకేసారి కట్టిన మనిషిని, ఇక్కడికొచ్చి ఇంత తొందరపడ్డానని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

మిల్టన్ కీన్స్ నివాసి

స్లౌ నుంచి వ్రాసినవారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, ఫోన్ తీసేముందు బుక్‌లెట్ తీయాలి. ఆగమని వాళ్లే వ్రాసుకున్నప్పుడు ఆగడం మోసం కాదు.

అయితే ఆగడం వేరు, దాచగలమనుకోవడం వేరు. డ్రైవర్ నంబర్ ఇస్తే, మన లైసెన్సు వివరాలను, పాయింట్లను డీవీఎల్‌ఏ రికార్డు నుంచి నేరుగా చూసుకునే మైలైసెన్స్ అనే ఏర్పాటు 2014 నుంచి ఇన్సూరెన్స్ సంస్థలకు ఉంది. క్లెయిమ్ సమయంలోనైతే లైసెన్సు చెక్ కోడ్ అడుగుతారు. ఆ కోడ్ మనమే డీవీఎల్‌ఏ వెబ్‌సైట్‌లో తీసి ఇస్తాం, 21 రోజులు పనిచేస్తుంది, అందులో పాయింట్లన్నీ తేదీలతో సహా ఉంటాయి. (ఇంటిపేరు రావు అయినవారు పదహారు అక్షరాల డ్రైవర్ నంబర్‌లో మూడు అక్షరాల తరువాత రెండు తొమ్మిదులు చూసి తప్పు పడిందనుకుని నాకు ఫోన్ చేసేవారు. ఇంటిపేరు ఐదు అక్షరాలకు తక్కువైతే ఖాళీని తొమ్మిదులతో నింపుతారు, అది తప్పు కాదు.)

ఇంకొకటి, అన్ని పాయింట్లూ ఒకే తూకం కాదు. మూడు పాయింట్ల ఎస్‌పీ30 అంటే మా కార్యాలయంలో ఎవరూ కళ్లెత్తి చూసేవారు కాదు. ఫోన్ చేతిలో పట్టుకుని నడిపినందుకు పడే సీయూ80, అంటే ఆరు పాయింట్లు, 200 పౌండ్లు, చూస్తే మాత్రం కొన్ని సంస్థలు వెనక్కి తగ్గేవి. ఎవరు నడిపారని అడిగిన నోటీసుకు జవాబివ్వకుండా ఊరుకున్నందుకు పడే ఎంఎస్90 కూడా ఆరు పాయింట్లే. ఇండియా వెళ్లి రెండు నెలలుండి వచ్చేసరికి ఉత్తరాల కుప్పలో 28 రోజుల గడువు దాటిపోయిన నోటీసు కనిపించిందని బాధపడినవాళ్లు నాకు తెలుసు. మూడు పాయింట్లతో పోయేది ఆరైంది. ఇలాంటివాటిని తెలిపినప్పుడు సంస్థ పాలసీని ఇక కొనసాగించబోమని అంటే, వాళ్లు రద్దు చేసేదాకా ఆగకుండా మీరే రద్దు చేసుకునే అవకాశం అడగండి. ‘మీ పాలసీని ఎప్పుడైనా ఏ సంస్థ అయినా రద్దు చేసిందా’ అన్న ప్రశ్న ఆ తరువాత ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

రెడింగ్ నివాసి (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి రెండు బుక్‌లెట్లూ ముందు పెట్టుకుని కూర్చున్నాం. నా పాలసీ 31వ పేజీలో, నాకు గానీ నేమ్డ్ డ్రైవర్‌కు గానీ కన్విక్షన్, ఫిక్స్‌డ్ పెనాల్టీ, పెండింగ్ కేసు ఏది వచ్చినా ‘సాధ్యమైనంత త్వరగా’ తెలపాలని స్పష్టంగా ఉంది. మా ఆవిడ పాలసీ వేరే సంస్థది. అందులో చిరునామా, కారు, ఉద్యోగం, కారు వాడకం మాత్రమే మధ్యలో చెప్పాలట, నేరాల సంగతి రెన్యూవల్ అప్పుడని విడిగా ఒక వాక్యం ఉంది. ఒకే మనిషికి, ఒకే మూడు పాయింట్లకు, ఒకే ఇంట్లో రెండు సమాధానాలు!

నా పాలసీ సంస్థతో ఫోన్‌లో కాకుండా చాట్‌లో మాట్లాడాను, సంభాషణ మొత్తం ఈమెయిల్‌కు పంపించుకోవచ్చని. కోడ్, నేరం జరిగిన తేదీ, పాయింట్లు, జరిమానా ఎంత, నిషేధం ఏమైనా పడిందా అని ఐదు ప్రశ్నలు అడిగారు. నేను ముందుగా ‘దీన్ని నమోదు చేసేముందు ఎంత అవుతుందో చెప్పండి’ అని అడిగాను. 23 పౌండ్ల 60 పెన్నీల ప్రీమియం, 25 పౌండ్ల రుసుము అన్నారు. సరేనన్నాక సవరించిన వివరాల పత్రం పంపారు, అందులో తేదీ తప్పు పడింది, నేరం జరిగిన రోజుకు బదులు జరిమానా కట్టిన రోజు వేశారు. లెస్టర్ వారి అనుభవం చదవకపోయి ఉంటే ఆ ఫైలు నేనూ తెరిచేవాడిని కాదు. వెంటనే దిద్దించాను.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. క్లెయిమ్ వేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్స్ బోనస్, ఏమైనా పోతుందా? ఈ పాయింట్లను ఎప్పటిదాకా చెబుతూ ఉండాలి? మూడేళ్లని ఒకరు, నాలుగని ఒకరు, ఐదని ఒకరు అంటున్నారు.

మిల్టన్ కీన్స్ నివాసి

బోనస్‌కూ పాయింట్లకూ సంబంధం లేదు. అది క్లెయిమ్‌ల లెక్క, ఎన్నేళ్లుందో అన్నేళ్లూ అలాగే ఉంటుంది.

మూడు, నాలుగు, ఐదు, మూడూ నిజమే, ఒక్కొక్కటి ఒక్కొక్క పనికి. మూడేళ్లలో పన్నెండు పాయింట్లు చేరితే నిషేధం పడుతుంది కదా, ఆ లెక్కలో మీ మూడు పాయింట్లు 2028 మే దాకా ఉంటాయి. డీవీఎల్‌ఏ రికార్డులో నాలుగేళ్లు, అంటే 2029 మే దాకా కనిపిస్తాయి. ఇన్సూరెన్స్ సంస్థ మాత్రం గత ఐదేళ్లలో అని అడగవచ్చు, ఎందుకంటే పెద్దవారి విషయంలో నేరస్థుల పునరావాస చట్టం కింద ఎండార్స్‌మెంట్‌కు (అంటే లైసెన్సు మీద పడిన పాయింట్ల నమోదుకు) కాలం చెల్లేది ఐదేళ్లకే. కనుక రికార్డులో కనిపించని ఆ చివరి ఏడాది కూడా అడిగితే చెప్పవలసిందే, చాలామంది జారిపడేది అక్కడే. అడిగిన సంస్థ మూడేళ్లే అడిగితే మూడేళ్లదే చెప్పండి, ప్రశ్నలో ఉన్న అంకెను చూసి జవాబివ్వండి. రెండేళ్ల క్రితం మీరు కూర్చున్న కోర్సు కన్విక్షన్ కిందికి రాదు, పాయింట్లూ లేవు. కోర్సుకు వెళ్లారా అని సూటిగా అడిగే సంస్థ ఏదైనా తగిలితే అప్పుడు మాత్రం ఉన్నది చెప్పాలి.

ధరలు పోల్చే వెబ్‌సైట్లలో మీ పాత ఖాతా ఉంటే, అందులో నిరుడు నొక్కిన ‘లేవు’ అలాగే నింపి ఉంటుంది. జనవరిలో కొటేషన్ చూసేముందు మొదట అది మార్చండి. మీ ఆవిడ ఖాతాలో మీ పేరు కిందది కూడా.

లెస్టర్ నివాసి

మీ ఆవిడ పాలసీ రెన్యూవల్ ఏ నెలలోనో చూసి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, రెడింగ్ గారూ. నాది సెప్టెంబరు. ఆటో రెన్యూవల్ మాత్రం ఆనాడే తీయించేశాను.